యుద్ధం నాటిన అడవిలో సైకిల్ దారులు

ఇంగ్లండ్ మధ్యభాగంలో, స్టాఫర్డ్‌షైర్‌లో, కానక్ ఛేజ్ అని ఒక అడవి ప్రాంతం ఉంది. విస్తీర్ణం సుమారు 68 చదరపు కిలోమీటర్లు. శని, ఆదివారాల్లో కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని జనం ఇక్కడికి వచ్చి దిగుతారు. లావుపాటి గరుకు టైర్లు, ముందు ఫోర్కుకి షాక్ అబ్జార్బర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న మౌంటెన్ బైకులవి. పేరుకి మౌంటెన్ బైకింగే గానీ ఇక్కడ కొండ అనదగ్గది ఏదీ లేదు. అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా 250 మీటర్లు దాటదు. అయినా 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు మౌంటెన్ బైక్ పోటీలు పెట్టింది ఇక్కడే.

ఈ దారుల్లో తొక్కేవాళ్లలో చాలామంది ఇదంతా అనాదిగా ఉన్న అడవి అనుకుంటారు. బ్రాక్టన్ అనే ఊరి వైపు మిగిలిన పాత ఓక్ చెట్లను పక్కన పెడితే, వాళ్లకి కనిపించే పైన్ అడవి వయసు నూరేళ్లు. దాన్ని నాటించింది మొదటి ప్రపంచయుద్ధం. సైనికులు వచ్చింది, పైన్ చెట్లు వచ్చింది, చివరికి సైకిళ్లు వచ్చింది, అన్నిటికీ మూలం ఒకటే: ఇక్కడి నేల.

ఇది గులకరాళ్ల నేల. దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట దక్షిణాన, ఇప్పటి ఫ్రాన్స్ వైపు నుంచి పారిన ఒక మహానది ఈ రాళ్లను దొర్లించి, అరగదీసి, ఇసుకతో కలిపి ఇక్కడ పోసిపోయింది. ఎక్కడ తవ్వినా కోడిగుడ్డంతేసి నున్నటి రాళ్లు బయటపడతాయి. వాన కురిస్తే నీరు నిలవదు, వెంటనే కిందికి ఇంకిపోతుంది. పంటకి పనికిరాదు. 16వ శతాబ్దంలో ఇనుము కరిగించే కొలుములకి కర్రబొగ్గు కోసం ఓక్ చెట్లు కొట్టేశాక మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గొర్రెలు మేసే పొదల బీడే. సేద్యం లేదు, ఊళ్లు తక్కువ, బురద ఉండదు. వేలమందిని ఒకచోట ఉంచి కవాతు చేయించడానికి సైన్యానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. యుద్ధమంత్రి కిచెనర్ పిలుపు అందుకుని లక్షల మంది పేర్లు రాయించుకున్నారు గానీ వాళ్లను పెట్టడానికి బారకాసులు లేవు. ఆ శరదృతువులోనే ఛేజ్ మీద రెండు పెద్ద శిబిరాల పని మొదలుపెట్టారు. ఒకటి బ్రాక్టన్, రెండోది రూజ్లీ. రెండూ కలిసి ఒకేసారి 40,000 మందిని పట్టేవి. బీడు మీద ఒక పట్టణమే లేచింది. చెక్క గుడిసెల వరసలు, చర్చి, పోస్టాఫీసు, రొట్టెల బట్టీ, నాటకశాల, ఆసుపత్రి వచ్చాయి. సామాన్లు మోయడానికి పెద్ద లైను నుంచి చీల్చి ఒక రైలుమార్గం కూడా వేశారు. స్థానికులు దానికి 'టాకరూ' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ పట్టాలు ఎప్పుడో ఎత్తేశారు. కానీ కట్ట మిగిలింది. ఇప్పుడు ఏ దారైనా మెలికలు లేకుండా, ఒకే వాలుతో, పొదల మధ్యనుంచి సాఫీగా సాగిపోతుంటే అది రైలు నడిచిన కట్ట కావచ్చని అనుమానించాల్సిందే.

ఈ శిబిరాల్లో గడిపినవాళ్లలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఒకడు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాయడానికి ఇంకా చాలా ఏళ్లు ఉంది. అప్పటికి అతను లాంకషైర్ ఫ్యూజిలియర్స్‌లో కుర్ర ఆఫీసరు. ఇక్కడ సిగ్నలింగ్ నేర్చుకుని 1916 జూన్‌లో ఫ్రాన్స్‌కి, అక్కణ్నుంచి సోమ్ యుద్ధభూమికి వెళ్లాడు.

1917లో బ్రాక్టన్‌కి న్యూజిలాండ్ రైఫిల్ బ్రిగేడ్ వాళ్లు వచ్చారు. వాళ్లు వదిలివెళ్లిన ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఏడాది జూన్ 7న బెల్జియంలో మెసీన్ గుట్ట మీద బ్రిటిష్ సైన్యం దాడి చేసింది. జర్మన్ కందకాల కిందికి సొరంగాలు తవ్వి పెట్టిన 19 మందుపాతరలు తెల్లవారకముందే ఒక్కపెట్టున పేలాయి. మెసీన్ ఊరిని పట్టుకున్నది న్యూజిలాండ్ దళాలే. ఆ విజయాన్ని కొత్తగా చేరినవాళ్లకి పాఠంగా చెప్పాలనుకున్నారు. 1918లో బ్రాక్టన్‌లో బందీలుగా ఉన్న జర్మన్ సైనికుల చేత ఆ ఊరి నమూనాను నేలమీదే కట్టించారు. కందకాలకి చిన్న కాలువలు తీసి వాటి గట్లకి కాంక్రీటు పూశారు, ఇళ్లకి బదులు ఇటుక ముక్కలు నిలబెట్టారు, రోడ్లని గులకరాళ్లతో పరిచారు. గుట్ట ఎత్తుపల్లాలతో సహా అంతా కొలత ప్రకారమే. జర్మన్లు ఓడిన చోటు నమూనాను జర్మన్ల చేతే కట్టించారన్నమాట. యుద్ధం ముగిశాక అది మట్టిలో, పొదల్లో కలిసిపోయింది. 2013లో పురావస్తు శాస్త్రవేత్తలు దాన్ని పూర్తిగా తవ్వి, లేజర్‌తో అంగుళం అంగుళం కొలతలు తీసుకుని, మళ్లీ మట్టి కప్పేశారు. బయట ఉంచితే ఒక చలికాలం మంచుకే కాంక్రీటు పగిలిపోతుంది. కప్పెట్టడమే దాన్ని కాపాడడం.

ఆ శిబిరాల్లో చనిపోయినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. ఎక్కువమందిని చంపింది తుపాకీ కాదు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. కామన్వెల్త్ శ్మశానవాటికలో న్యూజిలాండ్ కుర్రవాళ్ల సమాధుల వరసలు, వాటికి దగ్గర్లోనే జర్మన్ బందీల సమాధులు కనిపిస్తాయి. కాస్త దూరంలో ఇంకో పెద్ద వాటిక ఉంది. బ్రిటన్‌లో రెండు యుద్ధాల్లోనూ చనిపోయి, ఎక్కడెక్కడో ఖననమైన జర్మన్లను ఒకచోటికి చేర్చాలని 1959లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. అలా ఇక్కడ దాదాపు 5,000 మందిని పూడ్చారు. లండన్ మీద బాంబులు వెయ్యడానికి వచ్చి కూలిపోయిన గాలినౌకల సిబ్బంది కూడా అందులో ఉన్నారు. సైకిల్ మీద వచ్చినవాళ్లు దాన్ని గేటు బయట ఆపి నడిచి లోపలికి వెళ్లాలి.

ఇక చెట్ల సంగతి. 1914 నాటికి బ్రిటన్ నేలలో అడవి ఇరవయ్యో వంతు మాత్రమే. కలప దాదాపు అంతా ఓడల మీద రావలసిందే. యుద్ధం వచ్చాక కందకాల గోడలకి, పలకబాటలకి, గుడిసెలకి కలప కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా బొగ్గుగనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే గుంజలు కావాలి. గుంజ లేనిదే బొగ్గు లేదు, బొగ్గు లేనిదే ఫ్యాక్టరీ తిరగదు, యుద్ధనౌక కదలదు. జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను ముంచడం మొదలుపెట్టేసరికి దేశానికి ఆ లోటు ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. ఇంకో యుద్ధం వస్తే ఈ గతి పట్టకూడదని 1919లో ఫారెస్ట్రీ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాదే కానక్ ఛేజ్‌లో మొక్కలు నాటడం మొదలైంది. పేద నేలలో కూడా నిటారుగా ఎదిగే స్కాట్స్ పైన్, కార్సికన్ పైన్ మొక్కలను బారులు తీర్చి పెట్టారు. చుట్టూ బొగ్గుగనులే కాబట్టి గుంజలకి గిరాకీ గుమ్మంలోనే ఉంది.

లెక్క బాగానే ఉంది గానీ కాలం దాన్ని ఒప్పుకోలేదు. ఆ చెట్లు బాగా ఎదిగేసరికి గనుల్లోకి ఉక్కు ఆధారాలు వచ్చేశాయి. తర్వాత గనులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1993లో లిటిల్టన్ గని మూసేశాక ఆ ప్రాంతంలో లోతుగనుల బొగ్గు తవ్వకం ముగిసింది. ఈ మధ్యలో రెండో యుద్ధం కూడా వచ్చిపోయింది. హెడ్నెస్‌ఫర్డ్ దగ్గర వైమానికదళం మెకానిక్‌లకి శిక్షణ కేంద్రం పెట్టింది. స్టేషన్‌లో దిగిన కుర్రాళ్లు సామాన్ల సంచి భుజాన వేసుకుని ఎక్కిన ఏటవాలుకి 'కిట్‌బ్యాగ్ హిల్' అనే పేరు స్థిరపడింది. 1956లో హంగరీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి ఆ గుడిసెల్లోనే తల దాచుకోను చోటిచ్చారు.

గుంజల కోసం పెంచిన అడవి అలా సైకిళ్లకి మిగిలింది. 2005లో 'ఫాలో ద డాగ్', 2010లో 'ద మంకీ' అనే దారులు తెరిచారు. రెండూ కలిపితే 20 కిలోమీటర్లు దాటుతాయి. చాలా పని 'ఛేజ్ ట్రెయిల్స్' అనే స్వచ్ఛంద బృందం వాళ్లు పారలు పట్టుకుని చేసిందే. బ్రిటన్‌లో ఇలాంటి దారులకి రంగులతో స్థాయి చెబుతారు, సులువు నుంచి కష్టానికి: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. ఈ రెండూ ఎరుపు. అంటే మామూలు సైకిల్ పనికిరాదు, ఎగుడుదిగుళ్ల మీద లేచి నిలబడి తొక్కడం వచ్చి ఉండాలి. కొత్తవాళ్లకి 2022 క్రీడల సందర్భంగా వేసిన నీలం దారి ఒకటి ఉంది, దాని పేరు 'పెరీస్ ట్రెయిల్'.

పాతకాలపు నది పోసిన గులకరాళ్లే ఇక్కడ తొక్కేవాడికి మేలూ కీడూ. నీరు ఇంకిపోతుంది కాబట్టి, తక్కిన ఇంగ్లండ్ అంతా బురదగా ఉండే జనవరిలోనూ ఇక్కడ తొక్కవచ్చు. కానీ వదులుగా ఉన్న రాళ్లు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. మలుపులో బ్రేకు వేస్తే ముందు చక్రం జారిపోతుంది. మలుపుకి ముందే, సైకిల్ తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. టైర్లలో గాలి కాస్త తక్కువ ఉంచితే పట్టు దొరుకుతుంది. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తే వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. కూర్చునే, చిన్న గేరులో ఓపిగ్గా తొక్కాలి. 2022 ఆగస్టు 3న ఇలాంటి నేల మీదే పురుషుల పోటీలో మొదటి రెండు స్థానాలూ న్యూజిలాండ్‌వే. స్వర్ణం శామ్ గేజ్‌ది, రజతం బెన్ ఆలివర్‌ది. బ్రాక్టన్ సంగతి తెలిసినవాళ్లకి ఆ ఫలితం చూసి నవ్వొచ్చే ఉంటుంది.

చిక్కంతా గుర్తులు పెట్టిన దారి దాటి పక్కకి వెళ్లేవాళ్లతోనే. విమానం మీంచి లేజర్ కిరణాలతో నేల కొలిచే లైడార్ సర్వేలో, పొదల కింద ఎవరికీ కనబడకుండా ఉన్న సాధన కందకాలు ఎన్నో బయటపడ్డాయి. మనిషి కంటికి అవి చిన్న గట్టు, పక్కన గుంట. సైకిల్ మీద ఎగిరి దూకడానికి అచ్చంగా తయారుచేసినట్టు ఉంటాయి. గులకరాళ్ల నేల వదులుది కాబట్టి ఒక వేసవి అంతా అక్కడ చక్రాలు దూకితే, వందేళ్లు నిలిచిన గట్టు చదునైపోతుంది. నేల మీద గూడు పెట్టుకునే నైట్‌జార్ పక్షులకీ అదే బాధ. అందుకని కొత్తవాళ్లు బర్చెస్ వ్యాలీ దగ్గర మొదలుపెట్టి గుర్తుల వెంటే వెళ్లడం మంచిది. సైకిళ్లు అద్దెకి దొరికేదీ, దారులు మొదలయ్యేదీ అక్కడే. బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు రైలెక్కితే గంట అటూ ఇటూగా రూజ్లీలో దిగవచ్చు.