త్రోటిల్ మీట ఏది? ఎందుకు?

చల్లపల్లిలో ఇంట కంప్యూటరు నెదుట కూర్చుండి, సిమ్యులేటరులో గన్నవరము రన్‌వేనుండి విమానమును లేపదలచిన బాలుడు మొదట తేల్చుకొనవలసినది ఇంజను శక్తిని సర్దు త్రోటిల్ మీట ఏ కంపెనీది కొందుననునది కాదు, ఏ విమానము నడుపుదుననునది. గన్నవరమునుండి హైదరాబాదునకు ఎగురుచుండు ఏటీఆర్ 72లో ఇంజనులు రెండు. వానికి పవర్ లీవరులు రెండు, ప్రొపెల్లరునకును ఇంధనమునకును కండిషన్ లీవరులు మరి రెండు. కావున దానికి నాలుగు మీటల పెట్టెయే తగును. ఎయిర్‌బస్ ఏ320కి రెండు చాలును గాని, వాని దారిలో క్లైంబు మొదలగు స్థానములకడ టక్కుమని నిలుపు గంట్లుండవలెను. ఏలయన, అందు ఇంజను శక్తిని తనంత తానే సర్దు ఆటోథ్రస్ట్ పనిచేయుచున్నంతసేపు మీట కదలక ఆ గంటిలోనే యుండును. బోయింగ్ 737లోనో, అట్టివేళ మీటలు తమంత తామే జరుగును!

ఇక మీట లోపలి సంగతి. చౌకవానిలో పొటెన్షియోమీటరుండును: కార్బను పట్టీపై లోహపు నాలుక రాచుకొనుచు పోవును, పట్టీ అరిగినను, దుమ్ము చేరినను, మీట ముట్టకయే తెరపై ఇంజను శక్తి గంతులువేయును. ఖరీదుగలవానిలోనుండు హాల్ సెన్సరులో ఆ రాపిడి లేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన ధర్మము ననుసరించి, అయస్కాంతము కదలినకొలది మారు క్షేత్రమును చిప్పు కొలుచును. సముద్రము దాపుననున్న మన సీమ చెమ్మకు ఇదియే మేలని నా తలంపు. సెస్నా 172తో ఆరంభించువారికి మాత్రము జాయ్‌స్టిక్కు పీఠముమీది చిన్న జారుడుమీటయే చాలును.