కనకమామిడి పిల్లల లెక్కలకు ట్యాబ్‌లు: దాతలు అడిగిన ప్రశ్నకు మా జవాబు

ఈ మధ్య దాతలు మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "కనకమామిడిలో, చుట్టుపక్కల ఊళ్లలో ప్రాథమిక బడి పిల్లలకు లెక్కల ఆటలున్న ట్యాబ్‌లు కొనిద్దాం. ఎంతవుతుందో చెప్పండి" అంటున్నారు. ఎంతవుతుందో దుకాణంవాడు చెబుతాడు. ఆ డబ్బుతో పిల్లలకు లెక్కలు వస్తాయా అన్నది మాత్రం మేమే చూసుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

అవసరం ఉందా అంటే, నిస్సందేహంగా ఉంది. 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే. ఐదో తరగతిలో భాగహారం వచ్చినవారు 30.7 శాతం. మన రాష్ట్ర ప్రభుత్వం 2022లో 'తొలిమెట్టు' మొదలుపెట్టింది ఈ లోటు పూడ్చడానికే. 2025లో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో వెనకబడిన పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌తో చదువు, లెక్కలు సాధన చేయించడం కూడా మొదలైంది. కాబట్టి దాతల ఆలోచన కొత్తదేమీ కాదు, తప్పూ కాదు.

అసలు ఇలాంటి ఆట ఏం చేస్తుందో ఒక లెక్కతో చెబుతాం. 52 లోంచి 27 తీసేయమంటే కొందరు పిల్లలు 35 అని రాస్తారు. 7 లోంచి 2 తీస్తే 5, 5 లోంచి 2 తీస్తే 3 అనుకుంటారు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకె లోంచి చిన్న అంకెను తీసేయడమే వాళ్లకు తెలిసిన పద్ధతి. పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం వాళ్లకు ఇంకా అందలేదు. రెండు మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో చూసుకునే టీచరుకు ఏ పిల్లవాడు ఎందుకు తప్పాడో కనిపెట్టే తీరిక ఉండదు. ఎర్ర ఇంటూ పెట్టి ముందుకు పోవాల్సిందే. మంచి సాఫ్ట్‌వేర్ ఆ తప్పును గుర్తుపడుతుంది. పదేసి పుల్లల కట్టలు తెరమీద చూపించి, ఒక కట్ట విప్పమంటుంది. ఎన్నిసార్లు తప్పినా విసుక్కోదు, నలుగురిలో నవ్వులపాలు చేయదు. వచ్చిన పిల్లవాడిని ఆపదు, రానివాడిని తరుమదు.

అయితే మార్కెట్లో ఉన్నవన్నీ ఇలాంటివి కావు. సరైన జవాబు నొక్కితే కారు ముందుకు దూకుతుంది, లేకపోతే ఆగిపోతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి గుడ్డిగా నొక్కినా నాలుగింట ఒక వంతు ఒప్పవుతాయి. పిల్లల తెలివికి ఈ కిటుకు పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. లెక్క ఒక పక్క, ఆట ఒక పక్క ఉండకూడదు. ఆట ఆడాలంటే లెక్క చేయక తప్పకూడదు. ఈ తేడాను మేం చాలా గట్టిగా పట్టించుకుంటున్నాం. ఎందుకంటే బొమ్మలు బాగున్నాయని కొనేది పెద్దవాళ్లే.

ఇంకొక సంగతి మన పిల్లలకే ప్రత్యేకం. ఇంట్లో ఉర్దూ, టీచరు నోట తెలుగు, పుస్తకంలో తెలుగుతో పాటు 2022-23 నుంచి ఇంగ్లిషు. తెలుగులో 29ని ఇరవై తొమ్మిది అంటాం. ఇరవై ఎక్కడుందో, తొమ్మిది ఎక్కడుందో మాటలోనే ఉంది. ఉర్దూలో అదే 'ఉన్‌తీస్', అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. చెవికి వినిపించేది తీస్, అంటే ముప్ఫై. 59 'ఉన్‌సఠ్', చెవిలో పడేది అరవై. 79 'ఉన్నాసీ' దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్లే ఒక్క క్షణం ఆగుతారు. నోటికి అంకెలు బాగా వచ్చిన పిల్ల కూడా పలక మీద పదుల స్థానంలో ఏం వేయాలో తడబడితే అది మందబుద్ధి కాదు. ఆ పిల్ల ఒకే సంఖ్యను మూడు పేర్లతో మోస్తోంది. అందుకే ఆట తెలుగులో ఉంటే చాలదు. అంకెను వినిపించి, కట్టలుగా చూపించి, రాయించేదై ఉండాలి. పక్కన "ఉన్‌తీస్ అంటే ఇదే బేటా" అని చెప్పే మనిషీ ఉండాలి.

ఆ మనిషి గురించే మేం ఎక్కువగా ఆలోచించాం. దానికి కారణం గుజరాత్‌లోని వడోదరలో జరిగిన ఒక పరిశీలన. 2000లో అక్కడ 100 మున్సిపల్ బడులకు ప్రభుత్వం నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. 2002లో ప్రథమ్ సంస్థ వెళ్లి చూస్తే, చిన్న తరగతుల పిల్లలు వాటిని వాడుతున్న చోటు దాదాపు లేదు. ఆ తర్వాత రెండేళ్లు నాలుగో తరగతి పిల్లల్ని ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరిని కూర్చోబెట్టి, శిక్షణ పొందిన సహాయకులను పెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించారు. అందులో ఒక గంట బడి వేళకు బయట. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ఫలితాలు కొలిచి 2007లో ప్రచురించారు. రెండో ఏడాది లాభాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, 100 మందిలో సరిగ్గా మధ్యన ఉండే పిల్లవాడు ఇంచుమించు 68వ మెట్టు ఎక్కినట్టు. అది చిన్న లాభం కాదు. కానీ ఆటలు ఆపిన ఏడాదికి చూస్తే అందులో చాలావరకు కరిగిపోయింది.

అదే పరిశీలనలో ఇంకో పద్ధతినీ చూశారు. ఆ పేటలోనే చదువుకున్న అమ్మాయిని 'బాల్‌సఖి'గా పెట్టి, వెనకబడిన పిల్లలకు రోజూ రెండు గంటలు చెప్పించారు. లెక్కల్లో లాభం కంప్యూటరు కంటే తక్కువే. ఖర్చు మాత్రం ఒక్కో పిల్లకు ఏడాదికి 2.25 డాలర్లు. కంప్యూటరు పద్ధతికి 15.18 డాలర్లు. అప్పటికీ ఇప్పటికీ పరికరాల ధర తగ్గింది, జీతాలు పెరిగాయి. అయినా పరికరం ఖర్చు ముందు, మనిషి ఖర్చు తర్వాత అనుకునే అలవాటును ఈ లెక్క ప్రశ్నిస్తుంది.

అహ్మదాబాద్‌లోని జ్ఞానశాల బడుల్లో లీ లిండెన్ అనే పరిశోధకుడు చూసింది ఇంకా సూటిగా ఉంది. కంప్యూటరు పాఠాలు బడి అయ్యాక అదనంగా చెప్పినచోట పిల్లలకు లెక్కలు పెరిగాయి. టీచరు చెప్పే సమయాన్ని తగ్గించి, ఆ గంట కంప్యూటరుకిచ్చినచోట తగ్గాయి. యంత్రం ఒకటే, అది ఎవరి గంటను తీసుకుంటుందన్నదే తేడా.

ఆటలో వచ్చింది కాగితం మీదికి దానంతటదే రాదు. ఢిల్లీలో బడి ఈడు రాని పిల్లలతో అంకెల ఆటలు ఆడించి చూసిన పరిశోధన 2017లో వచ్చింది. ఎక్కువ తక్కువలు పోల్చే నేర్పు పెరిగి, ఏడాది దాటినా నిలిచింది. బడిలో నేర్పే లెక్కల్లో మాత్రం ముందంజ కనిపించలేదు. ట్యాబ్ మూసేశాక అదే లెక్కను పలక మీద చేయించే పది నిమిషాలు తప్పనిసరి అని మేం అంటున్నది ఇందుకే.

కాబట్టి కనకమామిడి విషయంలో మా ఆలోచన ఇది. బడి వేళలో ఒక్క నిమిషం కూడా తీసుకోం. బడి వదిలాక ఒక గంట, ఊళ్లోనే ఇంటర్ లేదా డిగ్రీ చదివిన అమ్మాయి ఒకరు, తెలుగు, ఉర్దూ రెండూ వచ్చినవారైతే మరీ మంచిది. వారి గౌరవ వేతనం ఏడాదికి సరిపడా చేతికందాకే ట్యాబ్‌లు కొంటాం. ఇద్దరికి ఒకటి చాలు. ఇద్దరూ వాదించుకుంటూ చేసే లెక్క ఒంటరిగా చేసే లెక్క కంటే మేలని మా నమ్మకం. ఇంటర్నెట్ లేకపోయినా నడిచే సాఫ్ట్‌వేరే తీసుకుంటాం. మొదటి రోజున, ఆ తర్వాత మూడు నెలలకోసారి, కాగితం మీద చిన్న పరీక్ష పెట్టి ఫలితాలు దాతలకు పంపుతాం, పెరిగినా పెరగకపోయినా.

జకాత్ సొమ్ము ఇందులో వాడం. అది హక్కుదారుల చేతికే చేరాలి, ఈ పరికరాలేమో అందరు పిల్లలవీ. సదఖా, సాధారణ విరాళాల ఖాతా నుంచే ఖర్చు చేస్తాం. మతం చూడకుండా ఆ బడిలో చదివే ప్రతి పిల్లకూ ఆ గంటలో చోటుంటుంది.

ట్యాబ్ ఇవ్వాలని ముందే నిశ్చయించుకున్న దాతలకు ఒక మనవి. దానితో పాటు ఒక అమ్మాయి రెండు నెలల వేతనం కూడా కలిపి ఇవ్వండి. ఇంట్లో వాడిన పాతవి ఇవ్వదలిస్తే బ్యాటరీ నాలుగు గంటలు నిలుస్తుందో లేదో చూసి, ఛార్జరుతో సహా ఇవ్వండి.