రొద హెచ్చి వేగము హెచ్చని ట్రాక్టరు

ఎనుమాముల మార్కెట్టుకు పత్తి ట్రాలీని లాగునపుడు ఇంజను రొద హెచ్చుచున్నను బండి వేగము పుంజుకొనదని రైతుసోదరులు కొందరు మొరపెట్టుచుందురు. వెంటనే డీజిలు పంపును విప్పించుట వాడుకైనది. ముందు చూడవలసినది క్లచ్చి.

ఇంజను బలమును గేర్లకందించునది క్లచ్చిపలక. అది అరిగినకొలది పెడలునందలి ఆట తగ్గును. ఆట బొత్తిగా లేనిచో బేరింగు క్లచ్చివేళ్లను సదా ఒత్తుచుండును. పలక గట్టిగా పట్టుకొనక జారి, వేడెక్కి మాడును.

సమతలమున, ముందు వెనుకల ఎవరును లేనిచోట బ్రేకులు బిగించి, పెద్దగేరు వేసి, పెడలును మెల్లగా వదలుడు. ఇంజను ఆగినచో పలక పట్టుచున్నది. ఆగక తిరుగుచున్నచో జారుచున్నది. ఈ పరీక్ష ఒక్కసారి చాలును, పలుమారులు చేసిన పలకకే చేటు.

పిదప ఇంజను ఆపి పెడలును చేతితో నొక్కుడు. బిగువు తగులులోపల పెక్కు ట్రాక్టర్లకు సుమారు ఒక అంగుళము ఆట ఉండవలెను. ఖచ్చితమైన కొలతకు కంపెనీవారి పుస్తకమే ప్రమాణము. పెడలు క్రింది కడ్డీయొక్క లాకునట్టును వదలించి, కడ్డీ పొడవును సవరించి, మరల బిగింపవలెను. ఆట మితిమీరినచో క్లచ్చి పూర్తిగా విడువక గేర్లు కరకరలాడును.

ఇంత చేసినను జారుచున్నచో పలక అరిగియుండును, లేదా దానికి నూనె తగిలియుండును. అప్పుడు బండిని నడుమ విడదీయక తప్పదు. నాట్లకాలమున అది ఎంత నష్టమో మేమెరుగుదుము. దమ్ము చేయునపుడు పెడలుపై పాదమానించియుంచు దురభ్యాసమువలన మేమును ఒకమారు పలకను మాడ్చుకొంటిమి. మడి సగములో నిలిచిపోయినది.