మీకు తెలుసా? ముక్కు మాస్కు డాక్టరు ‘బ్లాక్ డెత్’ నాటివాడు కాడు

ప్లేగు వైద్యుడి పక్షిముక్కు మాస్కుకు 17వ శతాబ్దానికి ముందు ఆధారమే లేదు. చిన్న బస్టు బొమ్మ చేసి, పీఠం మీద బ్లాక్ డెత్ నాటి ‘1348’ అని రాసేవాళ్లు దాదాపు మూడొందల ఏళ్లు వెనక్కి వెళ్తున్నారన్నమాట. ఈ వేషాన్ని 1619 ప్రాంతంలో ఫ్రెంచ్ రాజవైద్యుడు షార్ల్ ద లోర్మ్ రూపొందించాడని అంటారు. బొమ్మలు చేసేవాళ్లు ఎక్కువగా ముందు పెట్టుకునేది మాత్రం పాల్ ఫ్యూర్స్ట్ 1656లో అచ్చువేసిన రోమ్ వైద్యుడి చిత్రాన్ని. కర్ర చివర రెక్కలున్న ఇసుక గడియారం, గోళ్లు దేరిన చేతి తొడుగులు, పక్కన డాక్టర్ల డబ్బాశను ఎగతాళి చేసే పద్యం: అది సగం వార్త, సగం వెటకారం. ‘ఆ మాస్కు ముక్కులో నింపేలాంటి సుగంధ ద్రవ్యాలను 14వ శతాబ్దపు వైద్యులూ వాసన చూసేవారు కదా’ అనొచ్చు. చూసేవారు, చెడు గాలి వల్లే రోగమన్న నమ్మకం అంతకన్నా పాతది. కానీ ముక్కు దగ్గర పట్టుకునే సుగంధం వేరు, మొహమంతా కప్పే మాస్కు వేరు. రంగులేసేవాళ్లకు పనికొచ్చే ఆధారమూ ఆ అచ్చులోనే ఉంది. అంగీ మైనం పూసిన గుడ్డదనీ, కళ్లద్దాలు స్ఫటికానివనీ అందులో రాశారు. కాబట్టి అంగీని పొడినలుపుతో వదిలేయకుండా, మడతల అంచుల్లో కాస్త మెరుపు చూపించాలి.