పాత పద్ధతి పరికిణీ, బుట్ట చేతుల జాకెట్టు

మీ ఇంట్లో 1950ల నాటి కుటుంబ ఫొటోలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆడపిల్లల ఒంటి మీద పాదాల దాకా కుచ్చుల పరికిణీ, భుజాల దగ్గర ఉబ్బిన చేతుల జాకెట్టు కనిపిస్తాయి. ఆ ఉబ్బు చేతులు యూరప్‌లో 1890లలో పెద్ద ఫ్యాషను. మన దగ్గరికి వచ్చాక వాటికి బుట్ట చేతులు అని పేరు పడింది. ఇప్పుడు పండగలకు మళ్లీ వాటినే అడుగుతున్నారు.

మీరు ఢిల్లీలోనో, నోయిడా, గురుగ్రామ్‌లలోనో ఉంటే ఒక చిక్కు వస్తుంది. అక్కడి దర్జీకి పరికిణీ అని చెబితే చాలాసార్లు లెహంగా కుట్టి ఇస్తాడు. రెండూ ఒకటి కావు. లెహంగాను పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే కలీలుగా కత్తిరించి జోడిస్తారు. పరికిణీకి కత్తిరింపే లేదనవచ్చు. తిన్నని గుడ్డను నడుం దగ్గర కుచ్చులు పోసి పట్టీకి కుడతారు, అంతే. అందుకే పిల్ల ఎదిగినప్పుడు పరికిణీని పొడుగు చేయవచ్చు. లెహంగాను చేయడం కష్టం. కొత్తగా మిషను పట్టినవారికి కూడా పరికిణీయే సులువు. తిన్నని కుట్టు వేసే పాత కాలి మిషను ఉన్నా చాలు.

గుడ్డ ఎంత కావాలి?

ఎనిమిదేళ్ల పాపను ఉదాహరణగా తీసుకుందాం. నడుం 22 అంగుళాలు, నడుం నుంచి పాదం దాకా 28 అంగుళాలు అనుకోండి. నడుం పట్టీకి అంగుళంన్నర పోతే వేలాడే గుడ్డ 26½ అంగుళాలు. పైకుట్టుకు అర అంగుళం, కింది అంచు మడతకు 2 అంగుళాలు కలపండి. ఇప్పుడు ముఖ్యమైనది: రెండు టక్కులకు 4 అంగుళాలు. అంగుళం లోతు టక్కు ఒక్కటి 2 అంగుళాల గుడ్డను మింగుతుందని గుర్తుంచుకోండి. మొత్తం 33 అంగుళాలు. 44 అంగుళాల పన్నా గుడ్డలో ఇలాంటి ముక్కలు రెండు తీసి జోడిస్తే చుట్టుకొలత సుమారు 86 అంగుళాలు వస్తుంది. ఇది నడుముకు దాదాపు నాలుగు రెట్లు కాబట్టి పలచని నూలు గుడ్డకు కుచ్చులు నిండుగా ఉంటాయి. మందపాటి గుడ్డయితే మూడు రెట్లు మించనివ్వకండి, నడుం దగ్గర మోపెడవుతుంది. పట్టీతో కలిపి 2 మీటర్లు కొంటే సరిపోతుంది.

కనాట్ ప్లేస్ దగ్గరి శంకర్ మార్కెట్‌లో, లాజ్‌పత్ నగర్‌లో, చాందినీ చౌక్‌లోని కట్రా నీల్‌లో గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. కొనేముందు పన్నా ఎంతో అడగండి. హిందీలో 'అర్జ్' అంటే అర్థమవుతుంది. లైనింగును 'అస్తర్' అనీ, బొందును 'నాడా' అనీ అడగాలి. నూలు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి.

పాత పట్టుచీరతో కుట్టాలంటే

అమ్మమ్మ చీరకు కత్తెర పెట్టాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడతల వెంబడే చీలుతుంది. బలహీనమైన మడత కుచ్చుల మధ్య పడేలా కాక, పూర్తిగా వదిలేసేలా ముక్క తీయండి.

చీర పన్నాయే పరికిణీ పొడవు అవుతుంది, చీర అంచే పరికిణీ అంచు అవుతుంది. అంచు మడత అక్కర్లేదు కాబట్టి 31 అంగుళాలు చాలు. పన్నా 45 అంగుళాలుంటే పైన 14 అంగుళాల పట్టీ మిగులుతుంది. జాకెట్టు అందులోంచే తీయవచ్చు, దాని చివరనున్న రెండో అంచు చేతులకు పట్టీ అవుతుంది. పాపకు చీరలో రెండున్నర మీటర్ల లోపే పడుతుంది. మిగతా సగంలో చెల్లెలికి కూడా కుట్టవచ్చు! నడుం పట్టీకి మాత్రం పట్టు వాడకండి, బొందు రాపిడికి చిరుగుతుంది. నూలు గుడ్డ వేయండి.

బుట్ట ఎలా నిలబడుతుంది?

ముందు పాత వార్తాపత్రిక మీద మామూలు చేతిని గీసి కత్తిరించండి. దాన్ని పైనుంచి కిందికి నాలుగుచోట్ల చీల్చి, చీలికల మధ్య అంగుళం చొప్పున ఎడం ఉంచి ఇంకో కాగితం మీద అతికించండి. భుజం దగ్గరి వంపును అంగుళం పైకి పెంచి గీయండి. ఇదే బుట్ట చేతి నమూనా.

గుడ్డ మీద కత్తిరించాక పై వంపుకు పావు అంగుళం ఎడంతో రెండు వరసల పొడుగు కుట్లు వేయండి. పైదారం బిగువు కాస్త వదులు చేయండి. తర్వాత రెండు బాబిన్ దారాలను కలిపి మెల్లగా లాగితే కుచ్చులు పడతాయి. ఒక్క వరసే వేస్తే కుచ్చులు పక్కకు ఒరుగుతాయి. కుచ్చులన్నీ భుజం కుట్టుకు అటూ ఇటూ మూడేసి అంగుళాల్లోనే ఉండాలి. చంక కిందికి జారితే పాపకు గుచ్చుకుంటుంది, బుట్ట కూడా లేవదు. కింద చేతి చుట్టుకొలతకు అంగుళం వదులుతో పట్టీ వేయండి.

ఢిల్లీలో సంక్రాంతికి చలి గట్టిగా ఉంటుంది. బొమ్మల కొలువు పేరంటానికి పాప స్వెట్టరు వేసుకుని వెళితే బుట్టలు అణిగిపోతాయి. లోపల భుజం దగ్గర రెండంగుళాల వెడల్పు నెట్ పట్టీని కుచ్చుపోసి కుట్టండి. స్వెట్టరు తీయగానే బుట్ట మళ్లీ లేస్తుంది. నెట్ ఒంటికి తగలకుండా లైనింగు తప్పనిసరి.

లోపల వదిలే గుడ్డ

తూర్పు ఢిల్లీలో గాంధీనగర్ రెడీమేడ్ బట్టల పెద్ద మార్కెట్టు. అక్కడ ఏ గౌను తిరగేసినా లోపల అర అంగుళం మించి గుడ్డ కనిపించడం అరుదు. వేల జతలు కుట్టేవారికి ఒక్కో అంగుళం మిగిలినా థాన్లకు థాన్లు ఆదా. మీరు కుట్టేది ఒక్క జత. జాకెట్టు పక్క కుట్లలో ముందు వెనక ముక్కలకు అంగుళంన్నర చొప్పున వదలండి. తర్వాత రెండు పక్కలా కలిపి 4 అంగుళాల దాకా వదులు చేయవచ్చు. చాలామంది ఒకటి మరిచిపోతారు: జాకెట్టు పక్కన వదిలినంతా చేతి కింది కుట్టులోనూ వదలాలి. లేకపోతే జాకెట్టు వదులైనా చేయి పట్టదు. మెడకు, చంక వంపుకు మాత్రం అర అంగుళమే, ఎక్కువైతే ముడతలు పడతాయి.

ఇక పరికిణీ టక్కులు. అంచుకు కొంచెం పైన, ఒకదాని మీద ఒకటిగా, పెద్ద కుట్లతో వేయండి. చూడ్డానికి అలంకారంలా ఉంటాయి, విప్పడం తేలిక. ఈ వయసు పిల్లలు సాధారణంగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో కొంతే నడుం కింద చేరుతుంది కాబట్టి 2 అంగుళాలిచ్చే ఒక్కో టక్కు ఏడాదికి పైగా సరిపోతుంది. ముందు పై టక్కును విప్పండి. మడతలో దాగిన గుడ్డ రంగు తేడాగా కనిపిస్తే, చాందినీ చౌక్ కినారీ బజార్‌లో దొరికే సన్నని జరీ పట్టీని ఆ గీత మీద వేసి కుట్టండి.