కారు మనదే, దారి అందరిదీ



"కారు నాది, పెట్రోలు నాది, ప్రాణమూ నాదే. బెల్టు పెట్టుకోకపోతే మీకేం నష్టం?" ఆసుపత్రిలో మేము తరచుగా వినే మాట ఇది. స్వంత కారు ఉండడం తప్పు కాదు. అర్ధరాత్రి నొప్పులు పడే కోడలిని, ఛాతీనొప్పి వచ్చిన తండ్రిని తీసుకురావడానికి అది ఎంతో మేలు. అయితే కారు మనదైనా దారి మనది కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలను కలిపే 42వ నంబరు జాతీయ రహదారినే చూడండి. బస్సులు, టమోటా లోడు టెంపోలు, బడిపిల్లలు, పశువులు అన్నీ దాని మీదే. కారులో ఉన్నవారి చుట్టూ ఇనుము ఉంది. నడిచేవారికి ఒంటిమీది బట్టే రక్షణ. గంటకు 60 కి.మీ. వేగంతో పోయే కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ఫోను చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్లే. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు.

ఇక బెల్టు సంగతి. వెనుక సీటులో బెల్టు లేని మనిషి, కారు గుద్దుకోగానే ముందు కూర్చున్నవారి మీద పడతాడు. ప్రాణం నాదే అన్న మాట అక్కడ నిలవదు. సంపాదించేవాడు మంచాన పడితే బాధ ఇంటిల్లిపాదికీ.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు స్వేచ్ఛను కాదనలేదు. దానివలన పొరుగువానికి మేలు కలుగుతుందా అని చూడమన్నాడు. కనుక కొన్ని తీర్మానాలు చేసుకుందాం:

1. కారులో అందరూ బెల్టు పెట్టుకోవాలి.
2. కొంచెం తాగినా తాళంచెవి మరొకరికి ఇవ్వాలి.
3. ఊళ్లలో, బడుల దగ్గర వేగం తగ్గించాలి.
4. ఆసుపత్రి గేటుకు, 108 బండికి అడ్డంగా కారు నిలపరాదు.
5. గాయపడినవారు కనిపిస్తే ఆగి, 108కి ఫోను చేయాలి. మెడ, వెన్ను కదల్చరాదు.

పోలీసు కేసు భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను, మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వారిని బలవంతం చేయరాదు.

యేసు చెప్పిన ఉపమానంలో సమరయునికీ స్వంత వాహనం ఉంది. దారిలో పడి ఉన్న పరాయివాడిని అతడు దానిమీదనే ఎక్కించుకున్నాడు. మన వాహనమూ అలా ఉపయోగపడాలని మా ప్రార్థన.