ప్రభ మోసే భుజం, డప్పు కొట్టే చెయ్యి

వినోదం అనగానే సినిమా హాలూ, క్రికెట్ మైదానమూ గుర్తుకు రావడం సహజం. ఆడేవాడూ పాడేవాడూ ఒకరు, టిక్కెట్టు కొని కూర్చునేవాడు మరొకరు. వినోదానికి ఇదొక్కటే పద్ధతి కాదని చెప్పడానికి రెండు చోట్ల సంగతి మనవి చేస్తాను.

మొదటిది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే. జనాభా లక్ష పైచిలుకు. అక్కడి ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు 1919లో పుట్టింది. వాళ్ళ ఫుట్‌బాల్ మనం కాలితో ఆడేది కాదు, బంతిని చేత పట్టుకుని దూసుకుపోయే ఆట. డబ్బుకి కటకటలాడిన రోజుల్లో, 1923లో, జనానికి వాటాలమ్మి జట్టును నిలబెట్టుకున్నారు. ఈనాటికీ అది ఏ ఒక్క కోటీశ్వరుడి సొత్తూ కాదు. వాటాదార్లు 5 లక్షలు దాటారు. ఒక్కరికీ పైసా లాభం పంచరు! ఊరికి ఆట మీద ఉన్న మక్కువే లాభం. అయితే ఒక్క మాట. ఆడేది అటు 11 మంది, ఇటు 11 మంది. చూసేది 80,000 మంది.

రెండోది మా కోనసీమ. కనుమ నాడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి మా ముక్తేశ్వరంలో దిగేవాళ్ళలో చాలామంది జగ్గన్నతోట తీర్థానికే. మొసలపల్లి దగ్గరున్న ఆ తోటలో గుడి లేదు, గోపురం లేదు. ఉన్నవి కొబ్బరిచెట్లే. చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటాయన, మిగతావారు చుట్టాలు. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు తక్కిన ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి మర్యాద చేస్తారు.

ప్రభ అంటే ఆషామాషీ కాదు. వెదురు బద్దలు వంచి, రంగుబట్టలు చుట్టి, గంటలూ పూలూ కడతారు. కొన్ని 40 అడుగులు దాటతాయి. చక్రాలుండవు, మనుషుల భుజాలే. ఒరిగిపోకుండా చుట్టూ మోకులు పట్టుకుంటారు. గంగలకుర్రు ప్రభలైతే పచ్చని చేలల్లోంచి నడిచి, ఎగువ కౌశిక కాలవలో దిగి అవతలి గట్టు ఎక్కాలి. తొక్కుడుపడ్డ చేను గలాయన కూడా పల్లెత్తు మాటనడు.

ఇంతమంది అడుగు ఒక్కటిగా ఎలా పడుతుంది? అక్కడే ఉంది కిటుకు. డప్పు! కొట్టేవాడి చెయ్యి డప్పు మీదే గాని, చూపు మోసేవాళ్ళ కాళ్ళ మీద. గట్టు దగ్గర వాళ్ళు తడబడితే దెబ్బ నెమ్మదిస్తుంది, ఊపందుకుంటే జోరెత్తుతుంది. 'అశరభ శరభ' అని కేక వేస్తే నడిచేవాడికే కాదు, గట్టు మీద నిలబడ్డవాడికీ భుజం కదుల్తుంది. ఇక్కడ ఆట నుంచి పాటను విడదీయలేం, చూసేవాణ్ణి ఆడేవాడి నుంచీ విడదీయలేం.

2023 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. సంతోషమే. కాని శకటం చక్రాల మీద నడిచింది. భుజానికీ డప్పుకీ ఉన్న ఈ బంధం చక్రాల మీద ఎలా కనిపిస్తుంది?

ఆ బంధానికే ఇప్పుడు ముప్పొచ్చింది. ఈమధ్య మా వైపు ఊరేగింపుల్లో వ్యానుకి కట్టిన డీజే పెట్టెలు వచ్చాయి. మోత ఎక్కువ, కూలి తక్కువ అంటారు. నిజమే కావచ్చు. కాని పెట్టెకు కళ్ళు లేవు. ముందువాడి కాలు జారితే దానికి తెలీదు. పైగా తరతరాలుగా డప్పు మోగించిన కుటుంబాలకి పండగనాటి నాలుగు రూపాయలూ పోతున్నాయి. డప్పు వినపడాలనుకున్నాం గాని, డప్పు కొట్టేవాణ్ణి సరిసమానంగా పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనం ఏనాడు తొందరపడ్డాం గనక!

మిత్రులారా! గ్రీన్ బే వాళ్ళు జట్టు పోతుందనగానే తలా ఒక చెయ్యి వేశారు. మనం వాటాలు కొననక్కర్లేదు. మన కాలేజీ వార్షికోత్సవానికి డీజే బదులు డప్పు కళాకారుల్ని పిలుద్దాం. న్యాయమైన పారితోషికం ఇద్దాం. వేదిక కింద కాదు, వేదిక మీద నిలబెడదాం.